తాళం వేసిన ఇంట్లోంచి ఫోను

మా తమ్ముడు పోయిన తరువాత మొదటిసారి ఫోన్ చేసింది ఒక కొబ్బరికాయల వ్యాపారికి. ఆయన మా అద్దె ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు గుమ్మం బయట కాసేపు తటపటాయించి, "ఏమీ అనుకోకండి, ఎమ్మెల్యే గారు పొద్దున్న ఫోన్ చేశారండి. పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారండి," అన్నాడు. కూరలో ఉప్పు వేస్తున్నదాన్ని చెయ్యి ఆపాను. ఎవరో ఆకతాయి వేషాలు వేస్తున్నారనుకుని ఆ నంబరు చూపించమన్నాను. అది మా ఇంటి నంబరే. మేం తాళం వేసి వదిలి వచ్చేసిన ఇంటి నంబరు.

మా తమ్ముడు మా నియోజకవర్గానికి ఎమ్మెల్యే. ఎండాకాలంలో, ఒక ఊళ్ళో కంటి శిబిరం ముగించుకుని వస్తూ, కారులో వెనక సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పురోహితుడు గారు పంచాంగం తిప్పి చూసి ధనిష్ఠ అన్నారు. ఆ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. మనిషి అడుగు పడకూడదు, దీపం వెలగకూడదు. గడువుకి ముందు తలుపు తీస్తే ఆ ఇంట్లోంచి ఇంకొకరు వెళ్తారు అంటారు. మా మరదలు ఎమ్మెస్సీ చదివింది, దేనికైనా ఎదురు ప్రశ్న వేసే మనిషి. దీనికి మాత్రం వెయ్యలేదు. "ఉన్నది ఒక్క పిల్ల వదినా," అంది, అంతే. ఒక్క పూటలో బియ్యం డ్రమ్ములూ బట్టలూ ఆటోల్లో వేసుకుని రెండు వీధుల అవతల అద్దెకి దిగాం.

నేను ఆ ఇంటి ఆడపడుచుని. మా ఆయన పోయాక, బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యి, తమ్ముడి దగ్గరే ఉంటున్నాను. ముందు వైపు గది వాడి ఆఫీసు. ఆ ఆఫీసు ఫోన్లు చూసుకునేదాన్ని నేనే. ఖాళీ చేసిన రోజు హడావుడిలో ఆ గది తలుపు దగ్గరికి లాగేశాం. లోపలి కంప్యూటరు ఆపడం నేను చూస్తానని మరదలు వాళ్ళూ, వాళ్ళు చూస్తారని నేనూ అనుకున్నాం. వీధి తలుపుకి తాళం పడ్డాక వెనక్కి తిరిగి చూడకూడదన్నారు, చూడలేదు.

ఆ కంప్యూటరు సంగతి చెప్పాలి. ఊళ్ళ నించి వచ్చేవాళ్ళు పెరిగి, అందరికీ స్వయంగా చెప్పడం కుదరక, తన గొంతుతోనే ఫోన్లు వెళ్ళే ఏర్పాటు చేయించుకున్నాడు మా తమ్ముడు. రాజమండ్రి నించి ఒకతను వచ్చి బిగించి, తరువాత ఎక్కడికో దేశం దాటి వెళ్ళిపోయాడు. అది మనిషి చెయ్యి పడకుండానే కొన్ని చేసేది. ఎవరి పుట్టినరోజున వాళ్ళకి శుభాకాంక్షలు, శిబిరానికి ముందు రోజు ఆ చుట్టుపక్కల వాళ్ళకి కబురు. వరద కబురూ, ఎన్నికల కబురూ మాత్రం వాడు మీట నొక్కితేనే వెళ్ళేవి. ఎవరైనా తిరిగి ఆ నంబరుకి చేస్తే, "నమస్కారమండి. మీ ఊరు చెప్పి, మీ కష్టం చెప్పండి. నేను వింటానండి," అని వాడి గొంతే పలికి, వాళ్ళు చెప్పింది దాచిపెట్టేది. "ఊరంతా నీ గొంతు దుకాణాలు తెరిచావురా," అని నేను వెక్కిరించేదాన్ని. వాడు నవ్వేవాడు. వాడికి నా వెక్కిరింతలంటే ఇష్టమని నాకు తెలుసు.

ఎన్నికల కబురు విని వాడి పార్టీ వాళ్ళు తల కొట్టుకునేవాళ్ళు. పంచాయతీ ఎన్నికలైనా సరే, మీ పోలింగ్ కేంద్రం ఫలానా బడి, ఫలానా కార్డు పట్టుకెళ్ళండి, ముసలివాళ్ళని ముందు పంపండి, ఇంతే చెప్పేవాడు. చివర్న, "ఎవరికి వేస్తారో నాకు చెప్పకండి, వెయ్యడం మాత్రం మానకండి," అనేవాడు. నది మధ్య లంక ఊళ్ళలో ఆ ఫోను రాకుండా ఓటుకి బయలుదేరేవాళ్ళు కాదు.

వరద కబురుకి వేరే కథ ఉంది. గోదావరి మధ్య లంకల్లో ఒక అలవాటుంది. వరదొస్తే అందరూ పడవెక్కి గట్టుకి వచ్చేస్తారు గానీ, ఇంటికొకర్ని వెనక వదులుతారు. పాడి, ధాన్యం, తలుపులు చూసుకోవడానికి కాపలా. ఆ కాపలా ఎప్పుడూ ఇంట్లో పెద్ద వయసు మనిషే. మరచెంబుతో నీళ్ళూ, అటుకులూ పట్టుకుని అటక ఎక్కి కూర్చుంటారు. ఎవరూ బలవంతం చెయ్యరు, వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతారు. "మా రోజులు అయిపోయాయి కదా," అంటారు. అలా ఎక్కినవాళ్ళలో కొందరు దిగలేదు.

మా ఊరికి ఎదురుగా ఉన్న లంకలో ఒక మామ్మ గారు ఉండేది. ఆవిడ కొడుకూ కోడలూ గట్టుకొస్తే, ప్రతి వరదకీ అటక ఆవిడదే. మొదటిసారి గెలిచిన ఏడాది మా తమ్ముడు పడవేసుకుని వెళ్ళి, ఆవిడ అరుగు మీద మోకాటి లోతు నీళ్ళలో కూర్చుని, "మీరు రాకపోతే నేనూ ఇక్కడే ఉంటానండి," అన్నాడట. "ఇల్లెవరు చూస్తారు?" అందట ఆవిడ. "నేను చూసుకుంటాను, మీరు దిగండి," అన్నాడట. దిగింది. అందుకే ఫోను కబురులో ఆ మాట పెట్టాడు. "కాపలాకని ఎవర్నీ వదిలి రాకండి. మీ ఇల్లు నేను చూసుకుంటాను." ఊరికే అనలేదు. వరద ఉన్నన్నాళ్ళూ పోలీసు పడవలు లంక చుట్టూ తిప్పించేవాడు.

ఆ కబురు రికార్డు చేసిన రోజు నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం దాటిపోయింది, వాడు తలుపేసుకుని చెప్పిందే చెప్పుకుంటున్నాడు. నాకు చిర్రెత్తి వంటింట్లోంచి, "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?" అని అరిచాను. "వస్తున్నానక్కా," అన్నాడు. ఆ రాజమండ్రి అతను ఆ ముక్క కత్తిరించడం మర్చిపోయాడు. లంకల్లో ఫోను వెళ్ళినప్పుడల్లా, "మీ ఇల్లు నేను చూసుకుంటాను" అన్న తరువాత, దూరంగా నా అరుపూ, దగ్గరగా వాడి జవాబూ వినపడేవి. తీయించమంటే తీయించలేదు. నేను ఏ పెళ్ళికి వెళ్ళినా లంక ఆడవాళ్ళు, "అన్నం చల్లారిపోతోందండి," అని నన్ను ఆటపట్టించేవాళ్ళు.

కొబ్బరికాయల వ్యాపారి తరువాత వరసగా వార్తలు రావడం మొదలైంది. ఒక మాస్టారు ఆ గొంతు విని ఫోన్ నేలకేసి కొట్టారు. ఒకావిడ ఫోనుకి హారతి ఇచ్చిందట. చాలామంది మాత్రం భయపడలేదు, తిరిగి చేశారు. కష్టాలు చెప్పుకున్నారు. బతికి ఉండగా ఆఫీసులో నన్ను దాటి వెళ్ళడానికి మొహమాటపడే మనుషులు కూడా ఇప్పుడు వాడితో నేరుగా మాట్లాడుతున్నారు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం బజారుకి వెళ్తూ మా ఇంటి ముందు నించి నడిచాను. కాలవ గట్టు మీద మనిషి లేడు. గేటుకి వేసిన తాళం అప్పుడే తుప్పు రంగు తేలింది. లోపల ఫోను మోగుతోంది. అలా మోగుతూ మోగుతూ, ఎవరో ఎత్తినట్టు ఆగిపోయింది. యంత్రం ఎత్తిందని నాకు తెలుసు. ఆ యంత్రం ఎలా ఎత్తుతుందో నాకు తెలిసినంతగా ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అయినా గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ నిశ్శబ్దంలో, మూసిన గదిలో, ఎవరో వాడికి ఏదో చెప్పుకుంటున్నారు. వాడు వింటున్నాడు. నాకు భయం వేసింది. నిజం చెప్పాలంటే, దాని వెనకే సంతోషం వేసింది, ఆ సంతోషాన్ని చూసి మళ్ళీ భయం వేసింది. మర్నాడు బజారు పనేమీ లేకపోయినా అటే వెళ్ళాను.

మరదలికి చెప్పలేదు. తనకి తెలుసని నాకూ, నాకు తెలుసని తనకీ తెలుసు. ఇంట్లో ఎవరి ఫోను మోగినా ఇద్దరం ముందు నంబరు వంక చూసుకునేవాళ్ళం.

ఇంతలో ఉప ఎన్నిక ప్రకటించారు. పార్టీ వాళ్ళు మా మరదల్నే నిలబెట్టారు. ఆ మర్నాడే అవతలి పక్షం వాళ్ళు ఫిర్యాదు చేశారు, చనిపోయిన మనిషి ఫోన్లలో భార్యకి ప్రచారం చేస్తున్నాడని. ఎన్నికల అధికారి ఒకాయన మా అద్దె ఇంటికి వచ్చారు. మర్యాదస్తుడు, కోనసీమ మనిషి.

"ఆ మెషిన్ ఆపాలండి," అన్నారు. "పుట్టినరోజు మాటే అయినా, గొంతు ఆయనది కదండీ. ఎన్నికల కోడ్ ఉంది."

"ఆపాలంటే ఇల్లు తెరవాలండి," అంది మా మరదలు.

"తెరవండి మరి. నేను సాక్షిగా ఉంటాను."

"ధనిష్ఠలో పోయారండి," అన్నాను నేను.

ఆయన కాగితాల మీద పెట్టిన పెన్ను ఆపారు. "మా నాన్న గారప్పుడు మేమూ వదిలేశామండి," అన్నారు నెమ్మదిగా. ఇక తాళం పగలగొట్టడం మాట ఎత్తలేదు. మంచినీళ్ళు తాగి, స్తంభం దగ్గర కరెంటు తీయిస్తే సరిపోతుందని తేల్చుకుని వెళ్ళారు. ఒక ప్రభుత్వ అధికారి మా ఇంటి దోషానికి అంత గౌరవం ఇస్తాడని నేను అనుకోలేదు. నాకు నవ్వొచ్చింది, పైకి నవ్వలేదు.

లైన్‌మేన్ వచ్చి స్తంభం మీద తీగ తప్పించాడు. మర్నాడు పొద్దున్నే మా వీధి చివర దర్జీకి పుట్టినరోజు ఫోను వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది మాకు, ఇంటి కప్పు మీద సోలార్ పలకలు. అందర్నీ పెట్టించుకోమని ఊరూరా చెప్పి, ముందు తనే పెట్టించుకున్నాడు. ఎండ ఉన్నంతకాలం ఆ గది బతికే ఉంటుంది. మబ్బు పట్టినా బ్యాటరీలు లాగుతాయి. అధికారికి ఆ సంగతి చెబితే, ఆయన నుదురు రుద్దుకుని, "లైను తీయించమని టెలిఫోన్ వాళ్ళకి రాస్తాను గానీ, గడువెంతుందండి ఇంకా?" అని అడిగారు.

అప్పుడే గోదావరి పెరిగింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, వెనకే రెండోది. ఏటా చూసేదే గానీ ఆ ఏడు నీటి రంగు నాకు నచ్చలేదు. ఎర్రగా, చిక్కగా, చప్పుడు చెయ్యకుండా వచ్చింది. పైన ఎక్కడెక్కడివో చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. అధికారులు ఆటోలకి మైకులు కట్టి గట్టంతా తిప్పారు, లంకలకి పడవలు పంపారు. జనం వచ్చారు, కానీ వయసులో ఉన్నవాళ్ళూ పిల్లలూ మాత్రమే వచ్చారు. మామ్మ గారి కొడుకు తలవంచుకుని బడి వరండాలో కూర్చున్నాడు.

నేను మామ్మ గారికి ఫోన్ చేశాను. మనవడి పాత ఫోను ఆవిడ దగ్గర ఉంది.

"అటక మీదున్నారా?" అన్నాను.

"ఉన్నాను. పెద్ద వరద కాదులే అమ్మాయ్. అబ్బాయి ఫోన్ చెయ్యలేదు కదా."

ఆవిడ అబ్బాయి అనేది మా తమ్ముణ్ణి. "మామ్మ గారూ, అబ్బాయి లేడు కదండీ," అన్నాను.

"లేడని తెలుసు. పాడె లేచినప్పుడు నేనక్కడే ఉన్నాను. లేకపోతే మాత్రం చెయ్యడం మానాడా? మొన్న మా మనవడికి పుట్టినరోజని చెప్పలేదూ? వాటికే చేసినవాడు వరదకి చెయ్యడా?"

అప్పుడు అర్థమైంది నాకు ఏం జరుగుతోందో. లంక మొత్తం ఇలాగే అనుకుంటోంది. పుట్టినరోజుల ఫోన్లు వాటంతట అవే వెళ్తాయనీ, వరద ఫోనుకి వాడి వేలు కావాలనీ వాళ్ళకి తెలియదు. వాడు మాట్లాడుతున్నాడు కాబట్టి, వాడు చెప్పకపోతే ప్రమాదం లేదని ధైర్యంగా కూర్చున్నారు. ఇంటింటా ఒక ముసలి ప్రాణం అటక మీద, మా తమ్ముడి మౌనాన్ని నమ్ముకుని. పడవవాళ్ళు వెళ్ళి పిలిస్తే, నిచ్చెన పైకి లాగేసుకుంటున్నారట. ప్రవాహం పెరుగుతోంది, చీకటి పడితే పడవలు తిరగవు.

ఆ కబురు ఎవరి ఫోనులోనైనా ఉందేమో అని అడిగి చూశాం. ఎవరు దాచుకుంటారు? వస్తుంది, వింటారు, పెట్టేస్తారు. అది ఉన్నది ఒక్క చోటే.

"నేను వెళ్ళి తలుపు తీస్తాను," అన్నాను మరదలితో.

తను గదిలో పడుకున్న కూతురి వంక చూసింది. ఆ పిల్లకి ముందు రోజు నించి ఒళ్ళు వెచ్చగా ఉంది. "వద్దు వదినా. మీ కాళ్ళు పట్టుకుంటాను," అంది.

"నేను మీ గోత్రం దాన్ని కాదు. పెళ్ళయినప్పుడే మారిపోయాను. ఆ దోషం నా అడుగుకి అంటదు," అన్నాను. ఆ మాట ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఇన్నేళ్ళూ ఆ ఇంటి ఉప్పు తిని, ఆ ఇంట్లోనే పడుకుని లేచిన మనిషిని ఏ గోత్రం కాపాడుతుంది? మరదలు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, గదిలోకి వెళ్ళి కూతురి నుదుటి మీద చెయ్యి వేసుకుని కూర్చుంది.

బయట పార్టీ మనిషి ఒకడు నా వెనక పడ్డాడు. "ఎలాగూ వెళ్తున్నారు కదండీ అక్కయ్య గారూ, ఆ ఎలక్షన్ కాల్ కూడా ఓసారి నొక్కేయండి. ఆయన గొంతు వింటే చాలు, లంకలన్నీ మనవే," అన్నాడు.

"నువ్వు పడవెక్కి లంకకి వెళ్ళి ఒక్క ముసలాయన్ని దింపుకురా, అప్పుడు మాట్లాడు నాతో," అన్నాను. మళ్ళీ కనపడలేదు.

అధికారి కబురు విని వచ్చి, గొడుగేసుకుని మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. "వరద హెచ్చరిక కోడ్ కిందికి రాదండి. నేను ఇక్కడే ఉంటాను," అన్నారు.

"లోపలికి రారేంటండి?"

"నాకూ పిల్లలున్నారండి," అన్నారాయన, సిగ్గుపడుతూ.

తాళం తీశాను. మబ్బుకి పగలే మసకగా ఉంది. ఇల్లంతా మూసిపెట్టిన గుడ్డల పెట్టె వాసన. కుండీలో తులసి పుల్లలా నిలబడి ఉంది. క్యాలెండరు మేం వెళ్ళిపోయిన నెల దగ్గరే ఆగింది. నేల మీద దుమ్ములో నా అడుగులు ఒక్కొక్కటే పడుతుంటే, వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. ఆఫీసు గది తలుపు తోశాను. కంప్యూటరు మీద పచ్చ దీపం కొట్టుకుంటోంది. వాడి కుర్చీ గోడవైపు కాక తలుపువైపు తిరిగి ఉంది. మేం లాగేసినప్పుడు ఎటు ఉందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను, గుర్తు రాలేదు. కుర్చీని ముట్టుకోకుండా పక్క నించి వెళ్ళాను.

అప్పుడు ఫోను మోగింది. నేను ఎత్తేలోపు యంత్రం ఎత్తింది. "నమస్కారమండి. మీ ఊరు చెప్పి, మీ కష్టం చెప్పండి. నేను వింటానండి." మూసిన గది కదా, గొంతు గోడల్లోంచి వచ్చినట్టు వచ్చింది. దాని వెనకే గోదావరి హోరూ, మామ్మ గారి గొంతూ.

"అబ్బాయ్, నేను. ఊరు చెప్పక్కర్లేదు కదా. నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి. గోడ ఏదో చప్పుడు చేస్తోంది. నువ్వు ఫోన్ చెయ్యలేదేంటి? పడవవాడు ఒకటే పిలుస్తున్నాడు. నువ్వు చెబితే దిగుతాను. నువ్వు చెప్పకుండా దిగితే ఇల్లెవరు చూస్తారు?"

నేను ఫోను లాక్కుని, "మామ్మ గారూ, నేనండి, దిగండి," అన్నాను.

"నువ్వు కాదమ్మా, అబ్బాయి చెప్పాలి," అని పెట్టేసింది.

వాడు నొక్కడం ఎన్నోసార్లు చూసినదాన్నే. వరద అని రాసి ఉన్న చోట నొక్కాను, లంకలు ఎంచాను, మళ్ళీ నొక్కాను. వెళ్తున్న కబురు గదిలో కూడా వినపడుతుంది. "నమస్కారమండి. గోదావరి పెరుగుతోందండి. దయచేసి అందరూ గట్టుకి వచ్చేయండి." నిదానంగా, ప్రతి మాటకీ ఒక అండీ తగిలించి చెప్పుకుపోతున్నాడు. "కాపలాకని ఎవర్నీ వదిలి రాకండి. మీ ఇల్లు నేను చూసుకుంటాను."

తరువాత దూరంగా, వంటింటివైపు నించి, ఒక ఆడమనిషి అరిచింది. "అన్నం చల్లారిపోతోంది, వస్తావా రావా?"

అది నా గొంతే. ఏమీ తెలియని, కోపంగా ఉన్న, సుఖంగా ఉన్న గొంతు. నేను వంటింటివైపు తల తిప్పి చూశాను. చీకటి.

"వస్తున్నానక్కా," అన్నాడు మా తమ్ముడు, నా పక్కనే.

ఆ గదిలో అలా నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఒకరి తరువాత ఒకరికి ఫోను వెళ్తోంది, అరుస్తున్నాను, వస్తున్నానంటున్నాడు. ప్రతిసారీ వంటింటివైపు చూస్తున్నాను. గేటు దగ్గర నించి అధికారి, "అండీ, బాగానే ఉన్నారా?" అని పిలిస్తేగానీ నేను ఏడుస్తున్నట్టు నాకు తెలియలేదు.

ఫోన్లన్నీ వెళ్ళాక, ఆ దీపం వంక చాలాసేపు చూశాను. దాన్ని అలాగే వదిలేసి తాళం వేసుకుని వచ్చేయొచ్చు. కొన్నాళ్ళకి నా పుట్టినరోజు వస్తుంది. నాకూ ఫోను వస్తుంది. ఆ ఆశ నాకు చాలా ఉంది, అది దాచుకోవలసినదేమీ కాదు. కానీ వాడు మాట్లాడుతున్నంతకాలం జనం వాడి మౌనాన్ని కూడా నమ్ముతారు. వచ్చే వరదకి ఈ మీట నొక్కడానికి నేను లేకపోతే, అటకల మీద మళ్ళీ అలాగే కూర్చుంటారు. గోడలోంచి తీగ లాగేశాను. బ్యాటరీ తీగ కూడా లాగేశాను. పచ్చ దీపం ఆరిపోయాక, ఆ గదిలో ఇక నేనొక్కదాన్నే ఉన్నానని స్పష్టంగా తెలిసింది. అంతకుముందు అలా తెలియలేదు.

చీకటి పడేలోపు పడవలు అటకల మీది వాళ్ళందర్నీ తీసుకొచ్చాయి. ఫోను రాగానే నిచ్చెనలు వాటంతట అవే కిందికి దిగాయట. మామ్మ గారు చివరి పడవలో వచ్చింది. ఆవిడ ఇంటి గోడ ఆ రాత్రే కూలి, అటక గోదాట్లో కలిసిపోయింది.

మా మేనకోడలికి జ్వరం పెరిగింది. అది తగ్గేదాకా మరదలు నాతో మాట్లాడలేదు, నేనూ అన్నం సరిగా తినలేదు. ఆ రోజుల్లో నేను మొక్కని దేవుడు లేడు. చివరికి చెమట పట్టి జ్వరం దిగింది. పిల్ల లేచి కూర్చుని పెరుగన్నం అడిగిన పూట, మరదలు కంచం తెచ్చి ముందు నాకు పెట్టింది. తరువాత నేనూ పిల్లా వెళ్ళి అన్నవరం కొండెక్కి వచ్చాం.

నీళ్ళు తీశాక పోలింగ్ జరిగింది. లంకలో బడి బురదతో నిండిపోయినందువల్ల వాళ్ళ ఓట్లు గట్టు మీది మా బడికే మార్చారు. నా ఓటూ అక్కడే. వరసలో నా ముందు మామ్మ గారు నిలబడి ఉంది, చేతిలో స్లిప్పు, దాంతోపాటు ఆ పాత ఫోనూ. మాటిమాటికీ ఫోను తీసి చూసుకుంటోంది.

"ఎవరి కోసమండి?" అన్నాను, తెలిసే.

"ఎలక్షన్ ఫోను చెయ్యలేదేంటమ్మా అబ్బాయి? ఎప్పుడూ చేసేవాడు కదా. అందరం చూస్తున్నాం."

వెనక నిలబడ్డ లంక ఆడవాళ్ళు కూడా నా వంక చూశారు. మా తమ్ముడు పోయాడన్న మాట అప్పటిదాకా ఎంతమందికో చెప్పాను, ఎంతమంది పరామర్శకో తలూపాను. ఇది మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు.

"ఇంక చెయ్యడు మామ్మ గారూ," అన్నాను. "ఆ యంత్రం ఆపేశాను. ఇంక ఎప్పుడూ చెయ్యడు. వరదొస్తే ఫోను కోసం చూడకండి. ఎవరు పిలిచినా దిగి వచ్చేయండి."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. ఫోను కొంగున ముడేసుకుంది.

"అయితే ఇప్పుడు పోయాడన్నమాట," అంది.

అక్కడే, వరసలో, బడి మెట్టు మీద కూలబడి శోకాలు పెట్టింది. పాడె లేచిన రోజున ఆవిడ ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది నాకు. "నా ఇల్లు చూసుకుంటానన్నావు కదా నాయనా, నీ ఇల్లెవరు చూస్తారు నాయనా," అని వాణ్ణి పేరు పెట్టి తలుచుకుంటూ ఏడ్చింది. వెనక ఆడవాళ్ళు అందుకున్నారు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. ఎండాకాలంలో ఏడవాల్సినదంతా అప్పుడు ఏడ్చాను.

లోపల్నించి సిబ్బంది బయటికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. కాసేపయ్యాక మామ్మ గారు ముక్కు చీది, నా భుజం పట్టుకుని లేచింది. "ఓటు వెయ్యడం మానొద్దనేవాడు," అని స్లిప్పు సాపు చేసుకుని లోపలికి వెళ్ళింది.